పెద్దల చేతుల మీదుగా

ఆ గురువారం పొద్దున సంపూర్ణమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, అదీ పది నిమిషాల పని. తొమ్మిది గంటలకు పాస్టరు గారింటికి వెళ్ళాలి. ఆయన తన ఫోనులో ఒకచోట నొక్కి, నూరేళ్ళ పండగ ప్లానుకు ఆమెను ఓనరును చేస్తారు. ఆమె తన ఫోనులో నలభై ఒకటో వరస తెరిచి టిక్కు పెడుతుంది. పదింటికి పాస్టరు గారి సామాను వ్యాను కదులుతుంది. ఆమె ఇంటికి వచ్చి వంకాయలు తరుక్కుంటుంది. సాయంత్రం ఆరు దాకా గడువుంది కనుక కంగారు పడాల్సిందేమీ లేదు. అయినా ఆమె కాఫీ తాగకముందు ఒకసారి ఫోనులో చార్జింగు చూసుకుంది, తాగాక మళ్ళీ చూసుకుంది.

ఆ ఊరు పెద్దాపురానికి ఆరు కిలోమీటర్లు. అక్కడి లూథరన్ చర్చికి వచ్చే ఆదివారం కాక పై ఆదివారానికి నూరేళ్ళు నిండుతాయి. పండగ పనులకు ప్లానింగ్ యాప్ అనేదాన్ని తెచ్చిపెట్టింది సంపూర్ణమ్మ చెల్లెలి కూతురు క్రిస్టినా. ఆ పిల్ల కాకినాడలో ఎరువుల కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడ ఇంత పనీ అంత పనీ ఈ యాప్‌లోనే నడుస్తుందట. ఒక్కో పనికీ ఒక్కో వరస. ఎవరు చేస్తారు, ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్నవి ఆ వరసలో ఉంటాయి. పనిలో పనిగా చర్చి ఆదివారం ఆరాధనల వేళలు కూడా క్రిస్టినా అందులోనే ఎక్కించింది.

మనుషుల్లో మూడు రకాలు. ఓనరు ఒక్కరే ఉంటారు. టిక్కు పెట్టి ఖరారు చేసేదీ, ఎవరికి ఏ హక్కు ఇవ్వాలో చెప్పేదీ ఆయనే. ఎడిటర్లు వరసలు రాయొచ్చు, మార్చొచ్చు. వ్యూయర్లు చూడటం వరకే. ఓనరు తన హక్కు ఇంకొకరికి ఇచ్చేస్తే, ఇచ్చినాయన ఆ క్షణం నుంచి వ్యూయరు. ముప్ఫై రెండేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన సంపూర్ణమ్మ ఇదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకుని, వారం రోజులు బట్టీ పట్టింది. కమిటీలో ముప్ఫై ఎనిమిది మంది. ఆ పుస్తకం అవసరం లేనిది వాళ్ళలో క్రిస్టినాకు ఒక్కదానికే.

కమిటీలో లేకపోయినా యాప్‌ను అందరికంటే బాగా నమ్మిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పెద్దాపురం వంటమేస్త్రి చంద్రరావు. కిందటి క్రిస్మసుకు ఈ చర్చి నుంచి ఆయనకు ఐదుగురు పెద్దలు ఐదు ఫోన్లు చేశారు. ఒకరు మూడు వందల మందికి వండమన్నారు, ఒకరు ఐదు వందలన్నారు, ఒకరు పన్నెండింటికన్నారు, ఒకరు మూడింటికన్నారు. ఐదో ఆయన, పై నలుగురి మాటా వినొద్దన్నారు. చివరికి మాట పడింది చంద్రరావే. అందుకని ఈసారి ముందే చెప్పేశాడు. తాను ఫోన్లు వినడు. యాప్‌లో ఓనరు టిక్కు పడిన వరసే తనకు మాట. అందుకని క్రిస్టినా ఆయన పేరు కూడా జాబితా చివర ఎక్కించింది. పండగకు పది రోజుల ముందు, అంటే ఈ గురువారం సాయంత్రం ఆరింటికల్లా భోజనాల వరసలన్నీ ఖరారు కావాలి. కాకపోతే పండగ రోజుకే జగ్గంపేటలో పెళ్ళివారు ఆయన కోసం కాచుక్కూర్చున్నారు.

ఒక్కటి తప్ప భోజనాల వరసలన్నీ ఖరారయ్యాయి. ఆ ఒక్కటీ నలభై ఒకటో వరస. అందులో సంపూర్ణమ్మ స్వయంగా రాసింది: ‘ఒంటిగంటకు మొదటి బంతి. బోర్డింగు పిల్లలు, పదకొండు మంది.’

బోర్డింగు పిల్లలంటే ఒకప్పుడు సంపూర్ణమ్మతో పాటు ఈ చర్చి పక్కన పెంకుటింట్లో ఉండి చదువుకున్న ముప్ఫై నలుగురు ఆడపిల్లలు. ఇప్పుడు వస్తున్న పదకొండు మందిలో అందరికంటే చిన్నదానికి అరవై నాలుగేళ్ళు. రాజమండ్రి నుంచి ఒక వ్యానులో అంతా కలిసి వస్తున్నారు, సామర్లకోటలో నాలుగు గంటల బండికి ఐదుగురు ఎక్కాలి కనుక మూడింటికి బయలుదేరిపోతారు. ఒంటిగంటకు వడ్డిస్తే, సంపూర్ణమ్మ వాళ్ళ వరసలో కూర్చుని రెండు గంటలసేపు తింటూ మాట్లాడుకోవచ్చు. కానీ ఈ చర్చిలో ఏ పండగకూ మూడింటికి ముందు ఆకు పడిన గుర్తు ఎవరికీ లేదు. డెబ్భై ఐదేళ్ళ పండగకైతే ప్రసంగాలు ముగిసేసరికి నాలుగు దాటింది. అప్పటికే బోర్డింగు పిల్లలు సగం మంది ఖాళీ కడుపులతో బస్సెక్కేశారు. వాళ్ళలో అచ్చాయమ్మ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఈసారి పక్కపక్కనే కూర్చుని తిందామే అంది. ఆ ఈసారి రాలేదు. రెండేళ్ళకే అచ్చాయమ్మ పోయింది. అప్పటినుంచి ఎవరు బస్సెక్కుతున్నా సంపూర్ణమ్మకు గుండెలో దడ. ఈ పదకొండు మందితో ఒక్క పూట అన్నం తినడం తప్ప ఆమె ఈ నూరేళ్ళ పండగ నుంచి ఆశించింది ఏమీ లేదు.

పాస్టరు విజయ్ పాల్ గారు నెల కిందటే ఆ వరస ఖరారు చేసెయ్యొచ్చు. నరసాపురం ట్రాన్స్‌ఫరు తెలిశాక ఆయన మర్యాదకు పోయారు. “ఎలాగూ మీరే ఓనరవుతున్నారు కదండి టీచరమ్మా. మీ వరసకి మీరే టిక్కు పెట్టుకోండి, మధ్యలో నేనెందుకండి,” అన్నారు. కాదనడం బాగుండదని ఆమె ఊరుకుంది.

తొమ్మిదింటికి ఆమె వెళ్ళేసరికి పాస్టరు గారి వసారా నిండా జనం. ఆయన మెడలో మూడు దండలున్నాయి, వ్యానులో మంచం కోళ్ళు పైకి లేచి ఉన్నాయి, అమ్మగారు లోపల కళ్ళు తుడుచుకుంటున్నారు. సంపూర్ణమ్మ అటు చూడకుండా ఫోనువైపు చూస్తూ నిలబడింది. పాస్టరు గారు ఫోను తీసి, వేలు దానిమీద పెట్టబోయి ఆగారు. పక్కన రిటైర్డ్ హెడ్మాస్టరు డేనియల్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

“చిన్నమాటండి టీచరమ్మా. నేనిలా నొక్కి మీకిచ్చేస్తే ఏం బాగుంటుందండి? పోస్టులో పడేసినట్టుంటుంది. మాస్టారి చేతుల మీదుగా మీకిప్పిద్దాం.”

అందులో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో కుట్టుమిషను ఇచ్చినా, శాలువా కప్పినా, బడిపిల్లలకు పలకలు పంచినా ఎవరో ఒక పెద్దాయన చేతుల మీదుగానే జరగాలి. ఇచ్చేవాడు నేరుగా పుచ్చుకునేవాడి చేతిలో పెడితే అది ఇచ్చినట్టు కాదు. వసారాలో అందరూ బాగుంటుందన్నారు. పాస్టరు గారు డేనియల్ మాస్టారి పేరు మీద నొక్కారు. ముప్ఫై ఎనిమిది ఫోన్లు ఒక్కసారిగా టింగుమన్నాయి.

వచ్చిన కబురు రెండు ముక్కలు. ఓనరు: డేనియల్. విజయ్ పాల్: చూడటానికి మాత్రమే.

ఆ రెండో ముక్క చదివి వసారా అంతా చల్లబడిపోయింది. ఎనిమిదేళ్ళు సంఘాన్ని కాచిన మనిషి, ఊరొదిలి వెళ్ళే రోజున, మెడలో దండలుండగానే చూడటానికి మాత్రమే అయిపోయారు. ఆయన నవ్వడానికి ప్రయత్నించి, వ్యానెక్కేశారు. వ్యాను మలుపు తిరిగిపోయింది.

తరవాత సంపూర్ణమ్మ మాస్టారి దగ్గరికి నడిచింది. మాస్టారు అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో పేర్ల జాబితా చూస్తున్నారు. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు ఎజ్రా గారిది. ఎజ్రా గారికి ఎనభై నాలుగేళ్ళు, సంఘంలో అందరికంటే పెద్దవారు. ఆయన పేరు లేని జాబితా ఈ చర్చిలో ఇంతవరకూ తయారు కాలేదు కనుక క్రిస్టినా ఆయన ఫోను నంబరుతో ఆయన పేరే ముందు ఎక్కించింది.

“ఎజ్రా గారుండగా నా చేతులేంటమ్మా,” అన్నారు మాస్టారు, అంటూనే నొక్కేశారు. “ఆయన చేతుల మీదుగా పుచ్చుకో. నాకూ తృప్తిగా ఉంటుంది.”

ఫోన్లు మళ్ళీ టింగుమన్నాయి. సంపూర్ణమ్మ రెండడుగులు ముందుకు వేసింది. “ఎజ్రా గారిది బటన్ ఫోనండి మాస్టారూ. అందులో యాపుండదండి.”

“అయితే ఏంటమ్మా? పేరుంది కదా,” అన్నారు మాస్టారు, సామర్లకోటలో ఏదో పనుందని గొడుగు అందుకుంటూ.

ఆమె పాస్టరు గారింటి అరుగు మీదే కూర్చుని కాకినాడకు ఫోను చేసింది. క్రిస్టినా అంతా విని, తాను కూడా వ్యూయరేనని చెప్పింది. యాప్ తెచ్చిన రోజునే ఓనరు పదవిని పాస్టరు గారికి సమర్పించుకుందట. చిన్నపిల్ల పెద్దవాళ్ళ వరసలు దిద్దితే ఏం బాగుంటుందని తనను తాను కిందకు దించుకుందట. అయితే ఒక దారి చెప్పింది. సంపూర్ణమ్మ ఫోనులో ఎజ్రా గారి నంబరు కొడితే ఆయన బటన్ ఫోనుకు ఆరంకెల మెసేజీ వస్తుంది. ఆ అంకెలు ఇక్కడ కొడితే ఎజ్రా గారి యాప్ ఇక్కడే తెరుచుకుంటుంది.

“తెరిచాక ఆయనచేత నీ పేరు మీద నొక్కించెయ్ పెద్దమ్మా. ఇంకెవరి చేతుల మీదుగానూ వద్దు,” అంది క్రిస్టినా.

ఎజ్రా గారు వీధరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. సంగతంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, నిద్రపోయారేమోనని ఆమె రెండుసార్లు దగ్గింది. విన్నాక ఆయన అడిగింది ఒకటే, ఇంత బాధ్యత అప్పగించేటప్పుడు మాస్టారు తనతో ఒక్క మాట అనలేదేమని. మాస్టారి తరఫున సంపూర్ణమ్మ క్షమాపణ చెప్పుకుంది. అప్పుడాయన జేబులోంచి బటన్ ఫోను తీసి ఆమె చేతికిచ్చారు.

అంకెలు రాలేదు. రెండోసారి కొట్టినా రాలేదు. చూడగా, ఆ ఫోనులో రెండొందల మెసేజీలకే చోటుంది, రెండొందలూ నిండిపోయాయి. అన్నీ ఒకేసారి తీసేసే బటన్ ఉందని ఆమె అనగానే ఎజ్రా గారు ఫోను మీద అరచెయ్యి కప్పేశారు.

“అన్నీ తీసెయ్యకు సంపూర్ణం. అందులో చేరినవాళ్ళున్నారు.”

ఆయన చూపించారు. ఈ ఊరి నుంచి బదిలీ అయి వెళ్ళిన పాస్టర్లు, పెళ్ళిళ్ళై వెళ్ళిన మనవరాళ్ళు, ఆసుపత్రులకు వెళ్ళినవాళ్ళు, ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు పంపినవన్నీ అందులో ఉన్నాయి. అన్నీ ఒకటే మాట. క్షేమంగా చేరాము. కొన్ని పదిహేనేళ్ళ నాటివి. అవి తీసేస్తే వాళ్ళు చేరనట్టే ఉంటుందన్నారాయన. ఇంకొకరైతే నవ్వేవారేమో గానీ సంపూర్ణమ్మ నవ్వలేదు. ముక్కాలిపీట లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. చేరినవాళ్ళు డెబ్భై నలుగురు తేలారు. మిగిలినవి ఫోను కంపెనీ వాళ్ళ ప్రకటనలు. వాటిని ఒక్కొక్కటే పైకి చదివి వినిపించి, ఆయన తలూపాక తీసెయ్యాలి. ఒక పెళ్ళి సంబంధాల ప్రకటన తియ్యొద్దన్నారు. ఎవరికైనా పనికొస్తుందట.

మొదటి ప్రకటన తీసిన నిమిషానికే ఫోను మోగింది. వచ్చింది అంకెలు కావు. పాస్టరు గారు రావులపాలెం దాటామని పంపారు. ఖాళీ అయిన చోటు కాస్తా నిండిపోయింది. దాన్ని తీసెయ్యొచ్చా అంటే, ఇంకా చేరలేదు కదా, ఉండనిమ్మన్నారు ఎజ్రా గారు. ఆ తరవాత ఒకటి తీస్తే, చోటు లేక ఆగిపోయిన ప్రకటన ఇంకొకటి వచ్చి కూర్చుంటోంది.

నలభై ప్రకటనలు తీసేసరికి ఆయన కోడలు విస్తళ్ళు వేసింది. వేళకు ఇంట్లో ఉన్న మనిషిని భోజనం చెయ్యకుండా పంపడం ఆ ఇంట్లో ఎరగరు, తినకుండా లేవడం సంపూర్ణమ్మ ఎరగదు. తిన్నాక ఎజ్రా గారు ఒక కునుకు తీశారు. ఆయన కుర్చీ పక్కన ఆమె గోడ గడియారాన్ని చూస్తూ కూర్చుంది. ఆయన లేచి మిగతావీ తీయించాక, మూడుంపావుకు అంకెలు వచ్చాయి. ఆమె ఫోనులో ఎజ్రా గారి యాప్ తెరుచుకుంది. పైన ఓనరు అని రాసి ఉంది. కింద తన పేరు ఉంది.

ఆమె వేలు ఆ పేరు మీదికి వెళ్ళి వెనక్కి వచ్చింది. ఆయన ఎదురుగా ఉండగా, ఆయన పేరుతో తనకు తానే ఇచ్చుకోవడమంటే ఒకరింట్లో బీరువా తీసినట్టే. ఫోను ఆయన చేతికే ఇచ్చి, ఇక్కడ నొక్కండి బాబాయి గారూ అంది.

ఎజ్రా గారు కళ్ళజోడు సర్దుకుని, పైనుంచి కిందదాకా పేర్లన్నీ చదివారు. సంపూర్ణమ్మది తప్ప ప్రతి పేరు పక్కనా చూడటానికి మాత్రమే అని ఉంది. పాస్టరు విజయ్ పాల్ గారి పేరు దగ్గర ఆయన ఆగిపోయారు.

“ఇదేంటమ్మా? ఇంతమందినీ పిలిచి, చూస్తూ కూర్చోండి అనడం మర్యాదేనా?”

యాప్ పద్ధతి అదేనని ఆమె చెప్పింది. యాప్ సంగతి తనకు తెలియదనీ, సంఘం సంగతి తెలుసనీ ఆయన అన్నారు. అందరికీ రాసే హక్కు ఇచ్చాకే మిగతా మాట. కాదనడానికి సంపూర్ణమ్మకు మనసు రాలేదు. పొద్దున వ్యానెక్కుతున్నప్పటి పాస్టరు గారి ముఖం ఆమెకూ గుర్తుంది. ఆమె వేలు చూపిస్తే ఆయన నొక్కారు. ఒక్కొక్కరే కమిటీ అంతా ఎడిటర్లయ్యారు. చివరి పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుగైంది.

అప్పటికే జాబితాలో పైనున్నవాళ్ళు రాయడం మొదలెట్టేశారు. సామర్లకోట నుంచి డేనియల్ మాస్టారు స్వాగతోపన్యాసం ఇరవై నిమిషాలని కలిపారు. కోయిర్ వాళ్ళు నాలుగు పాటలు కలిపారు. స్త్రీల సమాజం నూరేళ్ళ చరిత్ర చదువుతామంది, అరగంట. నరసాపురం చేరీ చేరకముందే విజయ్ పాల్ గారు వీడ్కోలు సందేశమని నలభై నిమిషాలు పెట్టారు. ఆయన పోయిన మర్యాద తిరిగొచ్చిందని అందరూ సంతోషించి, కృతజ్ఞత చెప్పడానికి తలా ఐదు నిమిషాలు కలుపుకున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. మాస్టారు తన ఉపన్యాసం ఎజ్రా గారి ప్రార్థన కంటే ముందుందని గమనించి, తన వరసను కిందికి జరిపారు. దాంతో అది కోయిర్ పాటల కిందికి వెళ్ళింది. మాస్టారి కంటే ముందు పాడటమా అని కోయిర్ వాళ్ళు నాలుగు పాటలనీ ఇంకా కిందికి దించారు. అది చూసి స్త్రీల సమాజం వెనక్కి తగ్గింది. నూరేళ్ళ పండగ మొత్తం, గుమ్మం దగ్గర ముందు మీరంటే ముందు మీరని నిలబడిపోయిన పెళ్ళివారిలాగా, ఎవరూ లోపలికి అడుగు పెట్టకుండా కిందికి జారుతూ పోయింది. ఎవరు దేన్ని జరిపినా యాప్ గంటలన్నీ మళ్ళీ కట్టుకుంటోంది. సంపూర్ణమ్మ తన వరసను వెతుక్కుంది. నలభై ఒకటి కాస్తా తొంభై ఏడు అయింది. భోజనాలు ఐదు గంటల పది నిమిషాలకు.

ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఐదూ పదికి ఆ పదకొండు మందిలో ఐదుగురు బండిలో తుని దాటుతుంటారు.

ఎజ్రా గారిని మళ్ళీ అడిగింది. ఇప్పుడైనా తన పేరు మీద నొక్కితే, అందరినీ బతిమాలైనా వరసలు సర్దుకుంటానంది. ఆయన ఇస్తానన్నారు, ఇవ్వడానికే కదా తన దగ్గరికి వచ్చిందన్నారు. అయితే ఇద్దరు మనుషుల మధ్య అరుగు మీద ఇచ్చేది కాదిది, ఇంకో పెద్దమనిషి ఉండాలి. మాస్టారికి కబురు పెడితే ఆరున్నర బస్సుకు వస్తానన్నారు.

ఐదూ పావుకు వీధిలో మోటారు సైకిలు ఆగింది. దిగింది వంటమేస్త్రి చంద్రరావు. భుజం మీద తువ్వాలుంది, చేతిలో ఫోనుంది. పెద్దాపురంలో ఎవరి ఇంట్లోనో బూరెలు వేస్తుంటే గంటలో నూట పన్నెండు సార్లు ఆ ఫోను టింగుమందట. నూట పదమూడోసారి మోగినప్పుడు నూనె మూకుడు దించి వచ్చేశాడు. అయినా చెప్పులు బయటే విడిచి, ఎజ్రా గారికి దణ్ణం పెట్టి, కోడలు ఇచ్చిన కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు పక్కన పెట్టాకే నోరు విప్పాడు.

“ఆయ్, తమరేమీ అనుకోకపోతే ఒక మాటండి. మీ పండగలో అన్నం ఎప్పుడు పెడతారండీ? ఒంటిగంటన్నారు, రెండూ ఇరవయ్యయ్యింది, నాలుగయ్యింది. బండి మీద వస్తుంటే ఐదూ పది అయ్యిందండి. ఇప్పుడు చూస్తే ఐదూ నలభై. నేను పెట్టేది మధ్యాన్నం భోజనమాండీ, రాత్రి భోజనమాండీ?”

చంద్రరావు ఓనరు ఎవరని అడిగాడు. సంపూర్ణమ్మ ఎజ్రా గారి వైపు చూసింది. ఎజ్రా గారు చంద్రరావు వైపు చూస్తున్నారు. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది.

“వేళకి వచ్చావు నాయనా. కూర్చో. మనవాళ్ళ చేతుల మీదుగా ఇవ్వడం ఎప్పుడూ ఉన్నదే. సభకి ముఖ్య అతిథి బయటి ఊరాయనే కావాలి. ఇది నీ చేతుల మీదుగా మా సంపూర్ణానికిద్దాం.”

చంద్రరావు లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా ఆయన వండిన సభలకు అంతులేదు. ఎక్కడా ఎవరూ ఆయన్ను ముందుకు రమ్మనలేదు. తువ్వాలుతో చేతులు రెండూ శుభ్రంగా తుడుచుకుని, తన ఫోను గుండెల ఎత్తున పట్టుకున్నాడు. ఎజ్రా గారు చిన్న ప్రార్థన చేసి, జాబితాలో అట్టడుగున ఉన్న పేరు మీద నొక్కారు. ఊరంతా టింగుమంది.

ఓనరు: చంద్రరావు.

ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తరవాత సంపూర్ణమ్మ వైపు తిరిగి, ఇచ్చేస్తానండి టీచరు గారూ, ఇచ్చేముందు ఒక్క పది నిమిషాలు నా పొయ్యి సర్దుకోనివ్వండి అన్నాడు. ఎజ్రా గారు అభ్యంతరం చెప్పలేదు. చంద్రరావు అరుగు చివర గొంతుక్కూర్చుని, కూర తరిగినంత తేలిగ్గా పని మొదలెట్టాడు. స్వాగతోపన్యాసం ఇరవై నిమిషాలు ఐదయ్యాయి. వీడ్కోలు సందేశం నలభై కూడా ఐదయ్యాయి. నాలుగు పాటలు ఒక పాటైంది. కృతజ్ఞతలన్నీ కలిపి ఒక్క నిమిషం. ఎజ్రా గారి ప్రార్థన మాత్రం ముట్టుకోలేదు. అప్పుడు అందరి దగ్గరా రాసే హక్కు తీసేశాడు. తొంభై ఏడో వరస దగ్గరికి వచ్చి తలెత్తాడు.

“ఈ బోర్డింగు పిల్లలెవరండీ? చిన్నపిల్లలైతే కారం తగ్గిస్తానండి.”

సంపూర్ణమ్మ చెప్పింది. మొదట పదకొండు మంది సంగతే చెప్పబోయింది. ఎలాగో ముప్ఫై నలుగురి సంగతి వచ్చింది, అచ్చాయమ్మ సంగతి వచ్చింది, బస్సు సంగతి కూడా వచ్చేసింది. చంద్రరావు అంతా విని, ఆ వరసను పైకి లాగి, ఒంటిగంట అని కొట్టి, టిక్కు పెట్టాడు. ఆరు కావడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.

“ఇదిగోండి, ఇంక తమరు పుచ్చుకోండి,” అని ఫోను ఆమె వైపు చాపాడు.

పొద్దున్నుంచి ఆమె తిరిగింది దీనికోసమే. పుచ్చుకోబోయి ఆగింది. ఆరున్నర బస్సు దిగి డేనియల్ మాస్టారు వస్తారు. ఇంకో పది నిమిషాలు ఇప్పించమ్మా అంటారు. ఆయనకు తాను లేదని చెప్పగలదా? రేపు కోయిర్ వాళ్ళు వస్తారు, ఎల్లుండి నరసాపురం నుంచి ఫోను వస్తుంది. తన సంగతి తనకు తెలుసు. పండగ నాటికి భోజనాలు మళ్ళీ ఐదూ పదికి చేరతాయి, అదీ తన చేతుల మీదుగానే.

“మీ దగ్గరే ఉంచండి చంద్రరావు గారూ,” అంది సంపూర్ణమ్మ. “ఆకులు ఎత్తేదాకా ఉంచండి. మీరైతే కాదనగలరు.”

“అలాగేనండి. కాదనడం నాకు బాగా వచ్చండి,” అన్నాడాయన, ఫోను జేబులో వేసుకుని.

ఆ పది రోజుల్లో చాలామంది పెద్దలు పెద్దాపురం వెళ్ళి వచ్చారు. ఆయన అందరికీ కుర్చీ వేశాడు, కాఫీ ఇచ్చాడు, పిల్లల క్షేమం అడిగాడు, ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. పండగ రోజున చర్చి వెనక గుమ్మంలో గరిటె ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఐదు నిమిషాలు కాగానే మాట్లాడుతున్నాయన జేబులో టింగుమనేది. ఆయన ముగించేసేవారు. పన్నెండూ యాభైకి చివరి దీవెన అయిపోయింది. నూరేళ్ళలో మొదటిసారి జనం పొగలు కక్కే పలావు ముందు కూర్చున్నారు.

మొదటి బంతిలో పదకొండు మంది, పన్నెండో మనిషి సంపూర్ణమ్మ. తొమ్మిదో తరగతిలో వార్డెను గారి జామకాయలు కోసింది ఎవరన్న తగువు బూరెలు వడ్డించేదాకా తేలలేదు. రెండున్నరకి తేలింది, కోసింది సంపూర్ణమ్మే. మూడింటికి ఆమె వ్యాను దాకా వెళ్ళింది. ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని చెప్పాల్సిందంతా చెప్పేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ పనికి ప్లానులో వరస లేదు కనుక ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. వ్యాను కదిలాక ఎప్పటిలాగే దడ వచ్చింది గానీ కడుపులో అన్నం ఉండటంవల్ల కాబోలు, నిలబడగలిగింది. చీకటి పడకముందే రైలెక్కిన ఐదుగురి నుంచీ క్షేమంగా చేరామని ఐదు మెసేజీలు వచ్చాయి. ఆమె ఒక్కటీ తీసెయ్యలేదు.

పండగ అయ్యాక ఓనరు పదవి వెనక్కి తీసుకోవాలని కమిటీలో మాట వచ్చింది. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం బాగుండదని ఎజ్రా గారు అన్నారు, అడిగినా ఎవరి చేతుల మీదుగా అడగాలన్నది తేలలేదు. కొత్త పాస్టరు గారు వచ్చి మూడు నెలలైంది, ఆదివారం ప్రసంగం ఎన్నింటికి ముగించాలో ఇప్పటికీ ఆయనకు పెద్దాపురం నుంచే ఖరారై వస్తోంది.